మా మామిడి తోపు ఇన్‌ఫ్రారెడ్ ఫొటో చూసి ‘చెట్లన్నీ ఎండిపోయాయా’ అంటున్నారు. ఎడిటింగ్‌లో ఎక్కడ ఆగాలి?

తోపుకాడ_తమ్ముడు
మాది పూతలపట్టు దగ్గర పల్లె. నాలుగెకరాల తోతాపురి తోపు. నాన్న చేతులతో నాటిన చెట్లు, నేను ఐదో తరగతిలో ఉన్నప్పుడు బిందెలతో నీళ్లు పోసిన చెట్లు. రెండు నెలల కింద ఒక పాత కెమెరా కొన్నాను. ముందే 720 నానోమీటర్ల ఇన్‌ఫ్రారెడ్‌కి మార్చినది, అంటే మన కంటికి కనబడని వెలుగుతో ఫొటో తీసేది. పోయిన ఆదివారం మిట్టమధ్యాహ్నం తోపులో ఓ యాభై ఫొటోలు తీశాను. కంప్యూటర్లో ఎరుపు, నీలం ఛానెళ్లు (ఫొటోలో ఒక్కో రంగు పొర) అటూ ఇటూ మార్చేసరికి ఆకాశం నీలంగా, ఆకులు తెల్లగా వచ్చాయి. నాకైతే కళ్లు తిప్పుకోబుద్ధి కాలేదు. రోజూ చూసే తోపే, వెన్నెల్లో ముంచి తీసినట్టుంది.

ఇంటి వాట్సాప్ గ్రూపులో పెట్టాను. ముందు చిన్నాన్న ‘మందు ఎక్కువైందా, చెట్లన్నీ ఎండిపోయాయే’ అన్నారు. అత్త ‘మంచు పడిందా’ అంది. అక్కడిదాకా నవ్వుకున్నాం. రాత్రి అన్నం తినేటప్పుడు నాన్న మాత్రం ‘పచ్చగా ఉన్న తోపును చచ్చినట్టు చూపించావు కదరా’ అన్నాడు. ఆ మాట పోవడం లేదు నా చెవుల్లోంచి.

నేను చేసింది తప్పా? రంగులు ఇంత మార్చడం అబద్ధం కిందకి వస్తుందా? ఇంకో రెండు బాధలు కూడా ఉన్నాయి. లైట్‌రూమ్‌లో (ఫొటోలు దిద్దే సాఫ్ట్‌వేర్) వైట్ బ్యాలెన్స్, అంటే ఏది తెలుపో చెప్పే సెట్టింగ్, ఎంత కిందికి లాగినా ఎరుపు పూర్తిగా పోవడం లేదు. కొన్ని ఫొటోల్లో సరిగ్గా నడిమధ్యలో తెల్లటి మచ్చ వస్తోంది, గుండ్రంగా, పళ్లెం అంత.

స్వర్ణముఖి_ఒడ్డు
ఫొటో ఇక్కడ కూడా పెట్టు తమ్ముడూ. చూడకుండా ఏం చెప్తాం.

తోపుకాడ_తమ్ముడు
పెట్టాను, పైన జత చేశాను. ఒకటి ఎడిట్ చేయనిది (అంతా ఇటుక రంగులో ఉంటుంది), ఒకటి చేసినది.

చంద్రగిరి_చూపు
చూశాను. చాలా బాగుంది. ముందు నీ రెండు బాధలు తీరుస్తా, నాన్నగారి మాట తర్వాత.

లైట్‌రూమ్‌లో వైట్ బ్యాలెన్స్ 2000 కెల్విన్ దగ్గర ఆగిపోతుంది. ఇన్‌ఫ్రారెడ్ ఫైలుకి అంతకంటే కిందికి పోవాలి. నీ తప్పేం లేదు. లైట్‌రూమ్ చేసిన అడోబీ వాళ్లదే డీఎన్‌జీ ప్రొఫైల్ ఎడిటర్ అని ఉచితంగా ఒకటి ఉంది. నీ రా ఫైల్ (కెమెరా దిద్దకుండా ఇచ్చే అసలు ఫైల్) ఒకటి డీఎన్‌జీ అనే అడోబీ ఫైల్ రకంలోకి మార్చి అందులో తెరువు. కలర్ మ్యాట్రిసెస్ అనే చోట వైట్ బ్యాలెన్స్ కాలిబ్రేషన్ ఉంటుంది, అక్కడ టెంపరేచర్‌ని మైనస్ 100కి లాగి ప్రొఫైల్ సేవ్ చెయ్. ఆ ప్రొఫైల్ పెట్టుకుంటే లైట్‌రూమ్‌లో స్లైడర్ మధ్యలోకి వస్తుంది, అటూ ఇటూ జరుపుకోవడానికి చోటు దొరుకుతుంది.

దానికంటే ముందు కెమెరాలోనే కస్టమ్ వైట్ బ్యాలెన్స్ పెట్టుకో. ఎండ పడుతున్న పచ్చగడ్డి ఫ్రేమ్ నిండా వచ్చేట్టు తీసి దాన్నే తెలుపు అని కెమెరాకి చెప్పు. గట్టు మీద గరిక చాలు. అప్పుడు కెమెరా వెనక తెరమీదే ఆకులు తెల్లగా, ఆకాశం తుప్పు రంగులో కనబడతాయి. తీసేటప్పుడే సగం మనసుకి తెలుస్తుంది.

నడిమధ్య మచ్చ లెన్స్ వల్ల. హాట్‌స్పాట్ అంటారు. మామూలు వెలుగు కోసం చేసిన పూతలు, లెన్స్ గొట్టం లోపలి గోడలు ఇన్‌ఫ్రారెడ్‌ని తిప్పి కొడతాయి. అపర్చర్ (లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం) ఎంత చిన్నది చేస్తే మచ్చ అంత స్పష్టంగా తేలుతుంది. ఎంత పెట్టి తీశావు?

తోపుకాడ_తమ్ముడు
ఎఫ్ 16 అన్నా. ముందు గడ్డి నుంచి వెనక గుట్ట దాకా అంతా షార్ప్‌గా రావాలని.

చంద్రగిరి_చూపు
అదే. అంకె పెరిగితే రంధ్రం చిన్నదవుతుంది. ఎఫ్ 5.6 లేదా 8కి రా. అప్పటికీ ఉంటే ఆ లెన్స్ ఇన్‌ఫ్రారెడ్‌కి పనికిరాదు. ఖరీదైన లెన్స్‌కి మచ్చ ఉండి, కెమెరాతో ఇచ్చే మామూలు లెన్స్‌కి లేకపోవడం కూడా జరుగుతుంది. డబ్బులు చూసి చెప్పలేం, తీసి చూడాల్సిందే.

కలర్_వద్దు
తమ్ముడి అసలు ప్రశ్నకి నా జవాబు సూటిగా. అవును, ఆ నీలం ఆకాశం అబద్ధమే. ఇన్‌ఫ్రారెడ్‌కి రంగు లేదు. మన కంటికి దాదాపు 700 నానోమీటర్ల తర్వాత చీకటి. ఆ వెలుగుకి ఏ రంగు పూసినా మనం పూసినదే. ఎరుపు ఛానెల్ తీసుకెళ్లి నీలంలో పోసి, ‘చూడండి ఆకాశం నీలంగా ఉంది’ అనడమేమిటి? నలుపు తెలుపు చెయ్యి. అప్పుడు ఎంత వెలుగు వచ్చింది అన్న ఒక్క నిజమే మిగులుతుంది. నేను 850 నానోమీటర్ల ఫిల్టర్ తప్ప వాడను. అందులో మూడు ఛానెళ్లూ దాదాపు ఒకేలా వస్తాయి, రంగు పూద్దామన్నా మిగలదు.

పలమనేరు_అక్క
నలుపు తెలుపు మాత్రం నిజమా? మనం లోకాన్ని నలుపు తెలుపులో చూస్తున్నామా?

కలర్_వద్దు
చూడం అక్కా. కానీ నలుపు తెలుపు ఫొటో చూసి ఎవరూ ‘చెట్లు బూడిద రంగులోకి మారాయా’ అని అడగరు. వందేళ్లకు పైగా అలవాటు. రంగు ఉంటేనే నమ్ముతారు, నమ్మితేనే మోసపోతారు.

స్వర్ణముఖి_ఒడ్డు
ఈ పాయింటు బలంగానే ఉంది.

ఆకు_లెక్క
తిరుపతిలో వ్యవసాయం చదువుతున్నా. ‘చచ్చినట్టు’ అన్న మాట దగ్గర ఆగాను, ఎందుకంటే ఇక్కడ సంగతి సరిగ్గా తలకిందులు. ఆ చెట్లు తెల్లగా వచ్చాయంటే కారణం ఆకు నిండుగా, బతికి ఉండటమే.

ఆకులో పత్రహరితం ఎరుపునీ నీలాన్నీ తినేస్తుంది, వాటితోనే అన్నం వండుకుంటుంది. ఆకుపచ్చ కొంచెం మిగిలి మన కంటికి వస్తుంది. ఇన్‌ఫ్రారెడ్ దానికి పనికిరాదు, ముట్టుకోదు. ఆ వెలుగు ఆకు లోపలికి పోయి, కణాల మధ్య ఉండే గాలి సందుల్లో అటూ ఇటూ చెదిరి, చాలా భాగం మళ్లీ బయటికి వచ్చేస్తుంది. నిండైన ఆకు మీద పడిన ఇన్‌ఫ్రారెడ్‌లో ఇంచుమించు సగం దాకా వెనక్కి వస్తుంది. అదే ఆకు ఎరుపుని పది శాతం కూడా తిరిగి ఇవ్వదు. మీ నాన్నగారికి ఈ మాట చెప్పండి. అది ఎండిపోయిన తెలుపు కాదు, ఆకు కాస్తున్న వెలుగు.

తోపుకాడ_తమ్ముడు
‘ఆకు కాస్తున్న వెలుగు’. ఇది రేపు పొద్దున్నే చెప్తాను నాన్నకి.

సెన్సార్_సామి
దీన్నే వుడ్ ఎఫెక్ట్ అంటారు. 1910లో రాబర్ట్ వుడ్ అనే అమెరికా భౌతిక శాస్త్రవేత్త ఇన్‌ఫ్రారెడ్‌లో తీసిన చెట్ల ఫొటోలు అచ్చు వేయించాడు, ఆయన పేరు.

కొత్తగా_చేరా
ఇన్నాళ్లూ వుడ్ అంటే కట్టె, కట్టె నుంచి వచ్చే ఎఫెక్ట్ అనుకున్నా 😀 మా ఊళ్లో ఒకాయనకి అలాగే వివరించా కూడా. రేపే వెళ్లి దిద్దుకోవాలి.

రైతుబిడ్డ_పాకాల
నేను ఫొటోలు తీసేవాణ్ణి కాను, చూసేవాణ్ణి. చెరకు, చెనక్కాయ వేస్తాను. తమ్ముడి తండ్రి బాధ నాకు అర్థమైంది. రైతుకి పచ్చ అనేది రంగు కాదయ్యా. పొద్దున లేచి మడి గట్టు మీద నిలబడి చూసేది ఆ పచ్చనే. కొంచెం పసుపు తిరిగితే కడుపులో భయం. ఎరువు చాల్లేదా, నీళ్లు చాల్లేదా, తెగులా అని. అలాంటి మనిషికి తెల్లటి తోపు చూపించి ‘బాగుంది కదా’ అంటే ఏమంటాడు? ఆకు లెక్క చెప్పిన శాస్త్రం నిజమే కావచ్చు. ముందు చెప్పి తర్వాత చూపించాల్సింది.

పలమనేరు_అక్క
అన్న మాటకి వంద మార్కులు.

నాది ఇంకో కేసు. పోయిన ఏడాది ఇన్‌ఫ్రారెడ్‌లో తీసిన గుట్ట ఫొటో ఒకటి నా పేజీలో పెట్టా. కింద ‘ఇన్‌ఫ్రారెడ్, 720’ అని రాశా కూడా. ఎవరో ఆ రాత కత్తిరించేసి ‘హార్స్‌లీ హిల్స్‌లో హిమపాతం’ అని పంపించారు. అది తిరిగి తిరిగి మా వదిన ఫోన్‌కి వచ్చింది. ‘పిల్లల్ని తీసుకుని పోదామా’ అని నన్నే అడిగింది! ఆ తీసింది హార్స్‌లీ హిల్స్‌లో కూడా కాదు, పలమనేరు పక్కన. అప్పటి నుంచి రాత ఫొటో కింద పెట్టడం లేదు, ఫొటో లోపలే వేస్తున్నా. మూలలో కాదు, కత్తిరిస్తే బొమ్మ పాడయ్యే చోట.

కలర్_వద్దు
నేను చెప్పింది ఇదే అక్కా. నలుపు తెలుపులో ఉంటే హిమపాతం అయ్యేదా?

పలమనేరు_అక్క
అయ్యేదే. తెల్ల చెట్లు తెల్ల చెట్లే. రంగు తీసేస్తే మంచు ఇంకా నమ్మేట్టు ఉంటుంది.

గుట్టలమీద_గాలి
ఇద్దరూ ఆగండి. నలుపు తెలుపు వర్సెస్ రంగు అన్నది ఇక్కడ తేలేది కాదు. శాటిలైట్ వాళ్లు ఏం చేస్తున్నారో చూడండి. మన శ్రీహరికోట ఇప్పుడు తిరుపతి జిల్లాలోనే ఉంది. 1988లో మన మొదటి పూర్తిస్థాయి రిమోట్ సెన్సింగ్ (పైనుంచి నేలను గమనించే) ఉపగ్రహం ఐఆర్‌ఎస్ 1ఏ వెళ్లింది (అది మాత్రం ఇక్కడి నుంచి కాదు, బైకనూర్ నుంచి). అప్పటి నుంచీ పంటల బొమ్మల్లో ఇన్‌ఫ్రారెడ్‌ని ఎరుపుగా చూపిస్తూనే ఉన్నారు. పచ్చటి వరి ఎర్రగా కనబడుతుంది. దాన్ని ఎవరూ అబద్ధం అనరు. ఏ రంగు దేనికి అన్నది ముందే చెప్తారు కాబట్టి.

కలర్_వద్దు
అది కొలత. దీన్ని గోడకి తగిలిస్తున్నాం. రెండింటికీ ఒకే న్యాయం ఎలా?

గుట్టలమీద_గాలి
గోడకి తగిలించేదానికి ఇంకా స్వేచ్ఛ ఉండాలి కదా! మా అవ్వ వాకిట్లో వేసే ముగ్గులో తామర పువ్వుకి నీలం నింపుతుంది. నీలం తామర ఎక్కడుంది అని ఆమెని ఎవరైనా అడిగారా?

రైతుబిడ్డ_పాకాల
నీలి కలువ ఉంటుంది నాయనా, చెరువులో 😊

చంద్రగిరి_చూపు
నేను 12 ఏళ్లుగా తీస్తున్నా. మొదట్లో మార్చని కెమెరాకే ముందు నల్లటి ఫిల్టర్ పెట్టి తీసేవాణ్ణి. సెన్సార్ ముందు ఇన్‌ఫ్రారెడ్‌ని ఆపే అద్దం ఉంటుంది కదా, దాన్ని దాటి వచ్చే కొద్దిపాటి వెలుగు కోసం మే నెల ఎండలో కూడా 20, 30 సెకన్లు షట్టర్ తెరిచి కూర్చోవాలి. ఫిల్టర్ పెట్టాక ఏమీ కనబడదు. ముందే ఫ్రేమ్ చూసుకుని, ఫోకస్ చేసుకుని, ట్రైపాడ్ కదలకుండా ఫిల్టర్ బిగించాలి. ఇన్‌ఫ్రారెడ్ ఫోకస్ మామూలు ఫోకస్ దగ్గర పడదు. పాత లెన్స్‌ల మీద దాని కోసం ఒక ఎర్ర గుర్తు ఉండేది.

అలా రాయలచెరువు కట్ట మీద ఒక మధ్యాహ్నం గడిపాను. గాలికి తాటాకులన్నీ పొగలా చెదిరిపోయాయి. నీళ్లు ఇన్‌ఫ్రారెడ్‌ని మింగేస్తాయి కాబట్టి చెరువు నల్లగా, పలక మీద మబ్బులు గీసినట్టు వచ్చింది. వెనక గుట్టల మీద చిన్న చిన్న పొదలు కూడా తెల్లటి చుక్కల్లా లేచాయి. ఆ ఊరివాడే, కట్ట మీద మేకలు కాస్తున్న పెద్దాయన, తెరమీద చూసి ‘ఇది మా చెరువు కాదు’ అన్నాడు. కాసేపు ఆగి, ‘రాత్రిపూట కట్ట మీద పడుకుంటే ఇట్లుంటుంది’ అన్నాడు. నాకు ఆ రెండో మాట కావాలి. ఎడిటింగ్‌లో ఎంత వరకు పోవాలి అన్న ప్రశ్నకి నా కొలత అదే. ఆ చోటు తెలిసిన మనిషి కాసేపు చూశాక దాన్ని గుర్తుపట్టగలగాలి.

తోపుకాడ_తమ్ముడు
ఇది రెండుసార్లు చదివాను అన్నా.

కొత్తగా_చేరా
నాకు కెమెరా లేదు, ఫోన్ ఉంది. ఏమైనా దారి ఉందా?

సెన్సార్_సామి
టీవీ రిమోట్ ఫోన్ కెమెరా వైపు తిప్పి బటన్ నొక్కి చూడు. వెనక కెమెరాలో కనబడకపోయినా చాలా ఫోన్లలో ముందు కెమెరాలో లైటు వెలుగుతుంది. వెలిగిందంటే ఆ కెమెరాలో అడ్డుకునే అద్దం బలహీనంగా ఉందని. దాని ముందు ఇన్‌ఫ్రారెడ్ ఫిల్టర్ ఒకటి అడ్డం పెట్టి ఎండలో తియ్. కదలకుండా ఇటుకల మధ్య ఇరికించు. నాణ్యత తక్కువే, కానీ రుచి తెలుస్తుంది.

ఒక్క జాగ్రత్త. ఆ నల్ల ఫిల్టర్ కంటికి పెట్టుకుని సూర్యుణ్ణి చూడకు, ఎవరినీ చూడనివ్వకు. కంటికి కనిపించే వెలుగు ఆగుతుంది, ఇన్‌ఫ్రారెడ్ లోపలికి పోతూనే ఉంటుంది. నల్లగా ఉంది కదా అని కన్ను నమ్ముతుంది. రెటీనా కాలిపోతుంది.

కొత్తగా_చేరా
చెప్పి మంచి పని చేశారు, మా తమ్ముడు గ్రహణాల పిచ్చోడు.

ఇంట్లో మూలన ఒక పాత డిజిటల్ కెమెరా కూడా ఉంది, చిన్నది. విప్పి ఆ అద్దం నేనే తీసేస్తే?

సెన్సార్_సామి
చిన్న కెమెరాల్లో ఫ్లాష్ కోసం కెపాసిటర్ ఉంటుంది, దాదాపు 300 వోల్టులు. బ్యాటరీ తీసేసినా అందులో ఛార్జ్ నిలిచే ఉంటుంది. తెలియకుండా వేలు పెడితే ఎగిరి పడతావు. ఎవరైనా తెలిసినవాళ్ల పక్కన కూర్చుని చెయ్. ఇంకోటి, ఆ అద్దం తీసేసి ఊరికే వదిలేయకూడదు. దాని మందానికి సరిపోయే గాజు పెట్టకపోతే ఫోకస్ మారిపోతుంది, దూరం గుట్టలు ఎప్పటికీ షార్ప్‌గా రావు.

గుట్టలమీద_గాలి
నేను ఒక షాపులో ఇచ్చి మార్పించుకుంటే సెన్సార్ మీద గీత పడి వచ్చింది. ఆకాశం ఉన్న ప్రతి ఫొటోలో ఆ గీత. ఇప్పటికీ ఒక్కొక్కటీ క్లోన్ చేసి చెరుపుకుంటున్నా. ఇచ్చే ముందు ‘మీరు మార్చిన కెమెరాతో తీసిన ఫొటో చూపించండి’ అని అడగండి. నేను అడగలేదు.

పలమనేరు_అక్క
ఒక సరదా సంగతి. డిసెంబర్‌లో అయ్యప్ప మాల వేసుకున్న స్వాములు ఐదుగురు మా వీధిలో వేప చెట్టు కింద నిలబడి ఉంటే ఇన్‌ఫ్రారెడ్‌లో తీశా. అందరూ నల్ల బట్టలే. ఫొటోలో ఒకరి పంచె మల్లెపువ్వులా, ఇంకొకరిది లేత బూడిద రంగు, ఒక్కరిదే నల్లగా! అద్దకం రంగుల్లో చాలావాటికి ఇన్‌ఫ్రారెడ్ పట్టదట. గురుస్వామికి చూపిస్తే పడీ పడీ నవ్వి ‘మా వాళ్ల దీక్ష ఎంత గట్టిదో నీ కెమెరా చెప్పేస్తోందే’ అన్నారు. ఐదుగురూ ప్రింట్లు అడిగి తీసుకున్నారు. ముఖాలు కూడా పాలమీగడలా నున్నగా వస్తాయి, కళ్లు మాత్రం నల్లగా లోతుగా. చిన్నపిల్లల్ని తీస్తే కాస్త భయం వేస్తుంది, అందుకే తీయను.

స్వర్ణముఖి_ఒడ్డు
😂 గురుస్వామి సూపర్.

కలర్_వద్దు
నేను ఒప్పుకోని విషయం ఇంకోటుంది. ఈ మధ్య అలిపిరి వైపు నుంచి ఏడుకొండల్ని తీసి ఆకుల్ని గులాబీ రంగులోకి లాగి పెడుతున్నారు. అది శేషాచలం. 2010 నుంచి బయోస్ఫియర్ రిజర్వ్. ఎర్రచందనం సహజంగా పెరిగే కొండలు. దాన్ని ఐస్‌క్రీమ్ చేసి పెడితే నాకు మనసొప్పదు. భక్తి సంగతి పక్కన పెట్టినా సరే.

గుట్టలమీద_గాలి
నాకు ఒప్పుతుంది. ఆ గులాబీకి కూడా వంశం ఉంది. రెండో ప్రపంచ యుద్ధం కాలంలో ఆకుపచ్చ గుడ్డల కింద దాచిన వాహనాలను విమానాల నుంచి పట్టుకోవడానికి కొడాక్ ఒక ఫిల్మ్ తయారు చేసింది. నిజమైన ఆకు ఎర్రగా, గులాబీగా వచ్చేది, పచ్చ రంగు పూసిన గుడ్డ అలా వచ్చేది కాదు. తర్వాత దాన్నే ఏరోక్రోమ్ అన్నారు. అంటే ఆ గులాబీ అర్థం ‘ఇది నిజమైన ఆకు’ అని. శేషాచలం అడవి గులాబీగా కనబడితే అది అడవి సంతకం అంటాను నేను.

కలర్_వద్దు
ఫిల్మ్ దానంతటది ఇచ్చిన రంగు వేరు, కంప్యూటర్లో రంగు మార్చే హ్యూ స్లైడర్ లాగి తెచ్చిన రంగు వేరు. అయినా సంతకం అన్న మాట బాగుంది, కాదనను.

ఆకు_లెక్క
తమ్ముడూ, నీ ఫొటో మళ్లీ పెద్దది చేసి చూశా. కుడివైపు చివరి వరసలో ఐదారు చెట్లు మిగతావాటికంటే బూడిదగా ఉన్నాయి. నీడ కాదనుకుంటా, ఎండ ఎడమ నుంచి పడుతోంది. ఆ చెట్లు బాగున్నాయా? ఒకసారి చూడు.

తోపుకాడ_తమ్ముడు
అవును! నేను గమనించనే లేదు. రేపు పోయి చూస్తా. అంటే తెగులు ఇన్‌ఫ్రారెడ్‌లో ముందే కనబడుతుందా?

చంద్రగిరి_చూపు
తొందరపడొద్దు. ఒక్క ఇన్‌ఫ్రారెడ్ ఫొటో చూసి చెట్టు ఆరోగ్యం చెప్పలేం. ఎండిన ఆకు కూడా ఇన్‌ఫ్రారెడ్‌లో బాగానే తెల్లగా వస్తుంది. నేను ఎండు వరిగడ్డి వామి తీశాను, పచ్చగడ్డికి పెద్ద తేడా లేదు.

ఆకు_లెక్క
అన్న చెప్పింది సరే, నేను సగమే చెప్పాను. పొలంలో వాడే లెక్కలో ఇన్‌ఫ్రారెడ్ ఒక్కటే ఉండదు. ఎరుపు వెలుగు ఎంత తిరిగి వచ్చిందో కూడా కావాలి. ఇన్‌ఫ్రారెడ్‌లోంచి ఎరుపుని తీసేసి, రెండూ కలిపిన మొత్తంతో భాగిస్తారు. ఎన్‌డీవీఐ అంటే అదే. పచ్చటి ఆకు ఎరుపుని తింటుంది కాబట్టి తేడా పెద్దగా వస్తుంది, ఎండిన ఆకు ఎరుపుని కూడా తిప్పి పంపేస్తుంది కాబట్టి తేడా తగ్గిపోతుంది. మన 720 ఫొటోలో ఆ రెండో కొలత లేదు. ఆ వరస బూడిదగా ఉండటానికి కారణం ఆకు పలచబడి కొమ్మల నీడ కనబడటం కావచ్చు, ఆకుల కోణం కావచ్చు. కాబట్టి ఫొటో జవాబు ఇవ్వదు, ‘అక్కడికి పోయి చూడు’ అని మాత్రం అంటుంది.

రైతుబిడ్డ_పాకాల
పోయి చూడటం మేము రోజూ చేసే పనే.

గుట్టలమీద_గాలి
తమ్ముడి ఆకాశం గురించి ఎవరూ మాట్లాడలేదు. పైన నీలం బాగుంది, కిందికి వచ్చేసరికి పాలిపోయింది. ఎండాకాలపు దుమ్ము అది. ఇన్‌ఫ్రారెడ్ సన్నటి మసకని కోసుకుని పోతుంది, దూరపు గుట్టలు తేటగా వస్తాయి. కానీ దుమ్ము, పొగమంచు లాంటి పెద్ద రేణువుల దగ్గర దాని ఆట సాగదు. మన వైపు ఈశాన్య రుతుపవనాలు కూడా బాగానే వానలు తెస్తాయి. నవంబర్, డిసెంబర్‌లో వాన వెలిసిన మర్నాడు బయటికి రా. గాలి కడిగినట్టు ఉంటుంది, మబ్బులు గుట్టలు గుట్టలుగా ఉంటాయి, చెరువులు నిండి ఉంటాయి. సూర్యుడు వీపు వైపు ఉండేట్టు నిలబడితే ఎదురుగా ఆకాశం నల్లబడుతుంది. అప్పుడు ఛానెళ్లు మార్చితే వచ్చే నీలం వేరే స్థాయి.

నాట్లు వేసిన వారానికి వరి కయ్యలు తియ్యి. నీళ్లు నల్లగా, మొక్కలు తెల్లటి కుట్లులాగా. నా ఫొటోల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది అదే, నేరబైలు పోయే దారిలో.

పలమనేరు_అక్క
చింతచెట్టు కూడా. ఆ చిన్న చిన్న ఆకులన్నీ కలిసి దూదిలా పేలతాయి.

కొత్తగా_చేరా
లైట్‌రూమ్‌కి నెలనెలా డబ్బులు కట్టలేను. ఉచితంగా ఏది?

చంద్రగిరి_చూపు
రా ఫైళ్లకి డార్క్‌టేబుల్ లేదా రాథెరపీ. ఛానెల్ మిక్సర్‌కి గింప్. ఏదీ ఎక్కించుకోలేకపోతే బ్రౌజర్లో ఫొటోపీ తెరువు, అందులోనూ ఛానెల్ మిక్సర్ ఉంది. ఎరుపు అవుట్‌పుట్‌లో ఎరుపు 0, నీలం 100. నీలం అవుట్‌పుట్‌లో ఎరుపు 100, నీలం 0. ఆకుపచ్చని ముట్టుకోకు. అంతే ఛానెల్ స్వాప్. తీసేటప్పుడు హిస్టోగ్రామ్‌లో (ఎంత వెలుగు పడిందో చూపే గ్రాఫ్) ఎరుపు ఛానెల్ విడిగా చూడు. మొత్తం గ్రాఫ్ బాగున్నట్టే ఉంటుంది, ఎరుపు మాత్రం కుడి గోడకి గుద్దుకుని ఉంటుంది. అది పోతే ఆకుల్లో వివరం పోయినట్టే, తర్వాత ఏ స్లైడరూ తేలేదు.

తమ్ముడూ, నీ ఫొటోలో ఆకుల తెలుపు ఒకచోట అలాగే పగిలిపోయింది. మీ నాన్నగారికి చెట్టు ఎండినట్టు అనిపించడానికి అది కూడా ఒక కారణం అనుకుంటున్నా. ఆకు ఆకుగా విడివిడిగా కనబడితే బతికున్నట్టుంటుంది. వట్టి తెల్లటి ముద్దగా కనబడితే సున్నం కొట్టినట్టుంటుంది. క్లారిటీ, కాంట్రాస్ట్ కూడా తగ్గించు.

కలర్_వద్దు
ఈ ఒక్క పోస్టుకి నా పూర్తి మద్దతు.

తోపుకాడ_తమ్ముడు
మూడు రోజులు రాలేకపోయాను, కోతలు మొదలయ్యాయి. జరిగింది మొత్తం చెప్తాను.

ఆకు లెక్క చెప్పిన వరస దగ్గరికి నాన్నతో కలిసి పోయాను. ఫోన్‌లో ఫొటో చూపించి ‘ఈ ఆరు చెట్లు తేడాగా ఉన్నాయి నాన్నా’ అన్నాను. నాన్న ఫొటో తీసుకుని దగ్గరగా పెట్టుకుని చూశాడు. ‘ఈ వరసకి డ్రిప్ సరిగా పారడం లేదు, ఉగాది నుంచీ చెప్తున్నా, ఎవరు విన్నారు’ అన్నాడు. నిజమే, ఆ చెట్లకి ఆకు పలచగా ఉంది. పైపు కడ విప్పితే బురద, తెల్లటి ఉప్పు పేరుకుని ఉంది. ఇద్దరం కలిసి మధ్యాహ్నం దాకా కడిగాం. కాబట్టి అక్కా, అన్నలూ, కెమెరా ముందే కనిపెట్టింది అని నేను చెప్పను. నాన్నకి ముందే తెలుసు. నాకే తెలియదు.

పని అయ్యాక చెట్టు కింద కూర్చుని ఆకు కాస్తున్న వెలుగు సంగతి చెప్పాను. నాన్న ఒక ఆకు తెంపి ఎండకి అడ్డం పెట్టి చూశాడు, ఏదైనా కనబడుతుందేమోనని. ‘నాకు కనబడదు గానీ ఉందంటావు’ అన్నాడు. ఉందన్నాను.

మళ్లీ తీశాను. ఎఫ్ 8, ఐఎస్‌ఓ 200, ఎరుపు ఛానెల్ చూసుకుంటూ. మచ్చ దాదాపు పోయింది. ఈసారి ఛానెళ్లు మార్చాను గానీ నీలాన్ని సగానికి తగ్గించాను, ఆకుల్లో కొంచెం లేత పసుపు ఉంచాను. నాన్నని కూడా ఫ్రేమ్‌లో నిలబెట్టాను. భుజం మీద తువ్వాలుతో, ఆ చివరి వరసలోనే. కింద ‘ఇన్‌ఫ్రారెడ్ వెలుగులో మా తోపు’ అని ఫొటో లోపలే రాశాను, అక్క చెప్పినట్టు. గ్రూపులో పెట్టే ముందు నాన్నకి చూపించాను. ఏమీ అనలేదు. సాయంత్రం చిన్నాన్న ఫోన్ చేస్తే ‘ఎండిపోవడం కాదురా, ఆకు నిండుగా ఉంటేనే అట్లా వస్తుందంట’ అని నాన్నే చెప్తున్నాడు.

రైతుబిడ్డ_పాకాల
చాలా సంతోషం నాయనా. డ్రిప్‌కి ఆసిడ్ ట్రీట్‌మెంట్ కూడా ఒకసారి చేయించండి, ఉప్పు మళ్లీ పడుతుంది. అడిగి మోతాదు తెలుసుకునే చేయించండి.

కలర్_వద్దు
కొత్త ఫొటో చూశాను. నీలం ఇంకా తీసేయొచ్చు అనే నా అభిప్రాయం. నాన్నగారు నిలబడిన తీరు మాత్రం ఏ రంగులోనైనా బాగుంటుంది. నలుపు తెలుపు వెర్షన్ ఒకటి నేను చేసి పంపనా? రా ఫైల్ ఇస్తే.

తోపుకాడ_తమ్ముడు
తప్పకుండా అన్నా, లింకు మెసేజ్‌లో పంపిస్తా.

పలమనేరు_అక్క
నవంబర్‌లో వాన వెలిశాక అందరం ఒకరోజు రాయలచెరువు కట్ట మీద కలుద్దామా? కలర్ వద్దు గారు 850తో, మేము 720తో, ఒకే చోటు నుంచి తీసి పక్కపక్కన పెడదాం.

గుట్టలమీద_గాలి
నేను రెడీ. పదకొండు నుంచి రెండు మధ్య. ఎండ నిలువుగా ఉండాలి.

స్వర్ణముఖి_ఒడ్డు
ఎండలో అంతసేపు అంటే మజ్జిగ నేను తెస్తా. కెమెరా లేకపోయినా రావచ్చు కదా?

చంద్రగిరి_చూపు
రావాలి. ఆ మేకల పెద్దాయన ఇంకా అక్కడే ఉంటే ఆయనకి ఒక ప్రింటు బాకీ ఉన్నాను, అది కూడా తెస్తా.

కొత్తగా_చేరా
రిమోట్ లైటు ముందు కెమెరాలో వెలిగింది!!

సెన్సార్_సామి
అయితే ఫిల్టర్ నేను పట్టుకొస్తా, నవంబర్ దాకా ఆ పాత కెమెరా విప్పకు.